పదిహేడో నంబరు బిళ్ళ

ఈ తొమ్మిదో పేజీ రాసింది ఎవరండీ? మీరేనా? అయ్యో, లేవకండి మేడమ్, కూర్చోండి. కోప్పడటం లేదు, అడుగుతున్నానంతే. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను మరి.

ఎనిమిదో పేజీ నాది. బాగుంది. ‘మన మేస్త్రిగారి మంచి అలవాట్లు.’ కొత్తగా ఫ్యాక్టరీలో చేరేవాళ్ళందరికీ ఈ పుస్తకం పంచుతామన్నారు, అందులోకి ఇంకో నాలుగు ముక్కలు చెప్పమన్నారు, ఫొటో కూడా తీస్తామన్నారు. అందుకేగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. నెలాఖరుకి రిటైరైపోతున్నవాడికి అదో ముచ్చట.

కానీ దానికి ఎదురుగా తొమ్మిదో పేజీ. ‘ఒక్క క్షణం మరుపు.’ కింద నాలుగు వేళ్ళు లేని చెయ్యి బొమ్మ. పేరు వెయ్యలేదు లెండి, ఆ మాత్రం మర్యాద ఉంది మీకు. ఒక్క మాటడుగుతాను, మన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నాలుగు వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు? పేరు వేస్తేనేం, వెయ్యకపోతేనేం?

వాడు నా బావమరిది. తెలీదా? ఆఁ, ఈమధ్యేగా మీరు ఆఫీసులో చేరింది. మా ఆవిడకి తోడబుట్టిన తమ్ముడు. మా ఇంట్లోనే, ఈ వెనక గదిలో ఉంటాడు. ఇప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు, చెయ్యి చూపించుకోడానికి. వాళ్ళు లేని టైము చూసే మిమ్మల్ని రమ్మన్నాను. మూడు దాటితే వచ్చేస్తారు.

టీ తాగండి, చల్లారిపోతుంది.

సరే, మీరు వచ్చింది అలవాట్ల గురించేగా. రాసుకోండి, చెప్తాను. నాలుగున్నరకి లేస్తాను. అలారం లేదు, ఎవరూ లేపక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్కరోజు కూడా గంట కొట్టాక గేటు దాటలేదు. నన్ను చూసి జనం వాచీలు సరిచేసుకునేవాళ్ళు. ‘గడియారం మేస్త్రి’ అని పేరు పెట్టారు. నా వెనకాల ఇంకా ఏమేమి పేర్లు పెట్టారో, అవి మీ పుస్తకంలోకి వద్దు.

తర్వాత, ఎక్కడిది అక్కడ. ఇది మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. కరెంటు పోతే మా నాన్న తడుముకునేవాడు కాదు, చెయ్యి చాచితే అగ్గిపెట్టె చేతిలోకి వచ్చేది. నేనూ అంతే. రెంచి వాడితే రెంచి మేకుకి, చీపురు వాడితే చీపురు మూలకి. నాదే కాదు, పక్కవాడు వదిలేసింది కూడా నేనే తీసి పెట్టేవాణ్ణి. షిఫ్టు అయిపోయాక షెడ్డంతా ఒక్క చుట్టు తిరిగి, అన్నీ సర్దిగానీ ఇంటికి వెళ్ళేవాణ్ణి కాదు. ఎవరూ చెప్పలేదు. చెయ్యి ఊరుకోదు, అంతే.

చేసిన పని చేసినచోటే రాసుకోవడం కూడా ఒకటి. జేబులో ఎప్పుడూ చిన్న పుస్తకం. ఇంటికెళ్ళి రాద్దాంలే అనుకున్నామా, సగం మర్చిపోతాం, మిగతా సగం మనకి అనుకూలంగా మార్చేస్తాం. ఏడాదికొకటి చొప్పున ముప్పై ఒక్క పుస్తకాలు, అదిగో ఆ రేకు పెట్టెలో వరసగా ఉన్నాయి.

ఇంకోటి. అడిగినదానికే జవాబు. ఎక్కువ మాట్లాడేవాడు పని చెయ్యడని నా నమ్మకం. అబద్ధం మాత్రం ఆడను. ఈ వయసుకి ఒక్క అబద్ధం ఆడలేదంటే నమ్ముతారా? నమ్మండి. నమ్మాల్సిన విషయమే అది. అందులోనే ఉంది అసలు తిరకాసు.

ఇవన్నీ రాశారా? మంచిది. ఇప్పుడు తొమ్మిదో పేజీకి వద్దాం.

మీరు షెడ్డులోకి వచ్చినప్పుడు తలుపు పక్కన చెక్కబోర్డు చూసే ఉంటారు. వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో ఎర్ర రేకు బిళ్ళ, దాని మీద మనిషి నంబరు. మిషను కడగాలంటే ముందు మెయిన్ స్విచ్చు కట్టెయ్యాలి, మన నంబరు బిళ్ళ తెచ్చి ఆ స్విచ్చుకి తగిలించాలి. ‘లోపల మనిషి ఉన్నాడు, ముట్టుకోకండి’ అని దానర్థం. పనయ్యాక ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి. కన్నతండ్రైనా సరే, ఇంకొకడి బిళ్ళ తియ్యకూడదు. ఇదీ రూలు. ఈ రూలు నేనే వందమందికి నేర్పాను.

వాడి నంబరు పదిహేడు.

ఎలాంటివాడో చెప్పాలి మీకు. కాళ్ళకి రెండు రకాల చెప్పులు వేసుకుని డ్యూటీకి వచ్చేవాడు మేడమ్! అడిగితే, ‘ఇంట్లో ఇంకో జత కూడా సరిగ్గా ఇలాగే ఉంది బావా’ అనేవాడు. అన్నం డబ్బా మర్చిపోవడం, నలుగురి డబ్బాల్లో నాలుగు ముద్దలు తినడం. ఎవరూ కాదనేవాళ్ళు కాదు, వాడు పక్కన కూర్చుంటే నవ్వులే నవ్వులు. పొద్దస్తమానం ఈల వేస్తూ ఉండేవాడు. షెడ్డులో వాడెక్కడున్నాడో ఈలని బట్టి తెలిసేది. ‘మరుపుల మహారాజు’ అని పేరు. ఆ ఉద్యోగం నేనే చెప్పి వేయించాను, మా ఆవిడ పోరు పడలేక.

ఇక ఆ బిళ్ళ. పనైపోయాక స్విచ్చు మీదే వదిలేసి పోయేవాడు. ఒకసారి జేబులో వేసుకుని పెళ్ళికి వెళ్ళాడు. ఇంకోసారి టీ కెటిలు పిడికి తగిలించి ఉంది. ఎన్నిసార్లు తిట్టాను! పదిసార్లైనా నేనే దాన్ని స్విచ్చు మీంచి తీసి మేకుకి తగిలించి ఉంటాను. షిఫ్టు అయిపోయాక స్విచ్చు మీద మిగిలిపోయిన బిళ్ళ నా లెక్కలో బిళ్ళ కాదు, చెత్త. ఎవరో పారేసింది ఎత్తిపెట్టినట్టే.

ఇక్కడ రాసుకోవడం ఆపారేం? రాయండి. ఆ పదిసార్లు రూలు తప్పింది వాడు కాదు, నేను. వాడు మర్చిపోయాడు. నేను తెలిసే తీశాను. ఏమీ కాలేదు కాబట్టి అది మంచి అలవాటు అయింది.

ఆ రోజు పొద్దున్నే వాణ్ణి అందరి ముందూ పట్టుకుని కడిగేశాను. ఏదో జిగురు డబ్బా సగం కడిగి వదిలేశాడు. ‘మొదలెట్టిన పని ఏనాడైనా పూర్తి చేశావట్రా? మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను, లేకపోతే ఎప్పుడో గేటు బయట ఉండేవాడివి’ అన్నాను. వాడు నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

రెండింటికి గంట కొట్టారు. జనం బిలబిలమంటూ బయటికి పోయారు. నేను నా చుట్టు మొదలుపెట్టాను. చీపుర్లు, రెంచీలు, ఆయిలు గుడ్డలు. అట్టలకి జిగురు పూసే రోలర్ల మిషను దగ్గరికొచ్చేసరికి స్విచ్చు మీద పదిహేడో నంబరు బిళ్ళ వేలాడుతోంది. వెనక్కి తిప్పి తగిలించాడు, ఎప్పట్లాగే.

‘మళ్ళీ వదిలేసి పోయాడు వెధవ’ అనుకున్నాను. తీశాను. జేబులోంచి చేతిగుడ్డ తీసి దుమ్ము కూడా తుడిచాను. బోర్డు దగ్గరికి వెళ్ళి పదిహేడో మేకుకి నంబరు పైకి కనపడేలా తిన్నగా తగిలించాను. పుస్తకం తీసి రాసుకున్నాను. చేతులు కడుక్కోడానికి వెళ్ళాను.

మిషను అవతలికి వంగి చూడలేదు మేడమ్. రెండడుగులు. ఒక్క రెండడుగులు వేసి, కాస్త వంగితే చాలు. గోడ వారగా కింద కూర్చుని రోలరు కడుగుతున్నాడు. పొద్దున నేనన్న మాటకి, పని పూర్తి చేసిగానీ లేవకూడదని కూర్చున్నాడు. గంట కొట్టినా లేవలేదు. ఈల కూడా వెయ్యలేదు, నా మీద కోపంతో. జన్మలో మొదటిసారి వాడు అన్నీ సరిగ్గా చేసిన రోజు అది. స్విచ్చు కట్టేశాడు, బిళ్ళ పెట్టాడు, పని సగంలో వదల్లేదు.

రెండో షిఫ్టు ఆపరేటరు వచ్చాడు. వాడి తప్పేం లేదు. స్విచ్చు చూశాడు, బిళ్ళ లేదు. బోర్డు చూశాడు, అన్ని బిళ్ళలూ మేకులకి ఉన్నాయి. అంతా నియమం ప్రకారం ఉంది. వేశాడు.

నేను గోళ్ళ సందుల్లో మట్టి తీసుకుంటున్నాను. చేతులు శుభ్రంగా కడుక్కోవడం కూడా రాసుకోండి, కొత్తవాళ్ళకి పనికొస్తుంది. సబ్బు చేతులతోనే పరిగెత్తాను.

వాడి అరుపు గురించి చెప్పను. అడక్కండి.

‘బిళ్ళ లేదండీ, ప్రమాణంగా స్విచ్చు మీద బిళ్ళ లేదండీ’ అని ఆ ఆపరేటరు ఏడుస్తూ బోర్డు వైపు చెయ్యి చూపిస్తున్నాడు. చూశాను. పదిహేడో బిళ్ళ మేకుకి తిన్నగా, నంబరు పైకి ఉంది. వాడు ఏనాడూ అలా తగిలించలేదు. అలా తగిలించేవాడు షెడ్డు మొత్తానికి ఒక్కడే. అప్పటిదాకా నా చేతికి మాత్రమే తెలిసిన పని అప్పుడు తలకి తెలిసింది.

ఎందుకు చెప్పలేదంటారా? అడగండి, అడగాల్సిందే.

ఆసుపత్రిలో వాడికి తెలివి రాగానే అడిగాడు. ‘నేను బిళ్ళ తగిలించాను బావా, నీ మీద ఒట్టు, నువ్వు చూళ్ళేదా?’ అని. నేనేమన్నానో తెలుసా? ‘ముందు నువ్వు విశ్రాంతి తీసుకోరా’ అన్నాను. అబద్ధం కాదుగా అది!

తర్వాత విచారణ. పొడుగు బల్ల, అవతల ముగ్గురు. ‘మేస్త్రీ, ప్రమాదం జరిగాక మీరు వెళ్ళి చూసేసరికి పదిహేడో బిళ్ళ ఎక్కడుంది?’ అన్నారు. ‘మేకుకి ఉందండీ’ అన్నాను. ‘సరే, వెళ్ళండి’ అన్నారు. అంతే మేడమ్. దాన్ని మేకుకి ఎవరు తగిలించారని ఆ ముగ్గురిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఎందుకడుగుతారు? అవతల మరుపుల మహారాజు, ఇవతల గడియారం మేస్త్రి. తీర్పు ముందే అయిపోయింది, మేం లోపలికి వెళ్ళింది సంతకాలకి. అడిగినదానికే జవాబు చెప్పి, కుర్చీ వెనక్కి తోసి సరిచేసి, బయటికొచ్చాను.

‘కార్మికుడి సొంత నిర్లక్ష్యం’ అని రాసి వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత నెలలోనే నన్ను సేఫ్టీ ఇన్‌ఛార్జిని చేశారు. నవ్వుతారేం? నాకూ నవ్వే వచ్చింది. నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం ఆ బోర్డు ముందు నిలబడి, ‘ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి’ అని చెప్తున్నాను. ఎవడైనా ‘గుమ్మడికాయల దొంగ’ అంటాడేమో, భుజాలు తడుముకుందామని చూస్తాను. ఎవడూ అనడు. శ్రద్ధగా తలూపుతారు.

మొదట్లో రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. మా ఆవిడ మొహం చూసి మళ్ళీ మర్నాటికి తోసేసేవాణ్ణి. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు కదా. పైగా ఆవిడ, తమ్ముడికి నా ముందే అన్నం కలిపి పెడుతూ, ‘మీ బావని చూసైనా నేర్చుకోరా, ఇప్పటికైనా నేర్చుకోరా’ అని ఏడ్చేది. ఆ మాట వింటూ అదే బల్ల దగ్గర నేనూ తిన్నాను. ముద్ద దిగలేదని చెప్పను. దిగింది. వేళకి తినడం అలవాటు.

ఆరు నెలలకి వాడే ఓ రోజు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ‘పెట్టాననే గుర్తు బావా. కానీ నా సంగతి నీకు తెలుసుగా. పెట్టలేదేమో. మర్చిపోయే ఉంటాను’ అన్నాడు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పమంటారా? ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకే కాదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. హమ్మయ్య అనిపించింది. వాడు తన గుర్తుని తానే కాదనుకుంటుంటే, బరువు దిగినట్టు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. వాడి వేళ్ళు తీసెయ్యడం పొరపాటు మేడమ్. అది, ఆ ఊపిరి, పొరపాటు కాదు.

ఇప్పుడు వాడు బాగుపడ్డాడు. ఆఁ, నిజంగానే. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటారే, ఉత్తమాట. వాడిది పోయింది. నాతోపాటే నాలుగున్నరకి లేస్తాడు. చెప్పులు గోడ వారగా గీత గీసినట్టు పెడతాడు. ఎడం చేత్తో చిన్న పుస్తకంలో రాసుకుంటాడు, వంకర అక్షరాలు. ఏం రాస్తాడనుకున్నారు? ‘గ్యాసు కట్టేశాను. గేటు గొళ్ళెం పెట్టాను.’ రాశాక కూడా నమ్మకం లేదు, వెళ్ళి చూస్తాడు. మళ్ళీ వెళ్ళి చూస్తాడు. తన చెయ్యి చేసిన పని చేసిందో లేదో తనకే తెలీని మనిషిని ఎప్పుడైనా చూశారా మీరు? చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం చిన్న సంగతి, మా ఆవిడ పెడుతుంది. ఇది ఎవరు పెడతారు?

ఈల వెయ్యడు. ఇల్లంతా వెతికినా వాడెక్కడున్నాడో తెలీదు.

మొన్న మీరు పంపిన కాగితాలు నాకు చదివి వినిపించింది వాడే. నా కళ్ళజోడు కనపడలేదని అబద్ధం... కాదు, నిజంగానే కనపడలేదు, వాడే చదివాడు. ఎనిమిదో పేజీ గర్వంగా చదివాడు. తొమ్మిదో పేజీ కూడా ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. నేను, ‘ఇది తీసెయ్యమంటాన్రా’ అన్నాను. ‘ఎందుకు బావా, ఉండనీ. నన్ను చూసైనా కొత్తవాళ్ళు జాగ్రత్తపడతారు. నావల్ల ఆ మాత్రం మేలు జరగనీ’ అన్నాడు. ఆఖర్న, ‘నాకో కాపీ ఇప్పించు’ అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు నాలుగున్నర దాకా నిద్ర లేదు. అందుకే పిలిచాను మిమ్మల్ని.

ఉండండి, నోటిమాటగా వద్దు. ఈ పెట్టె మూత కాస్త బిగువు... ఆఁ, వచ్చింది. ఇదిగో, నాలుగేళ్ళ కిందటి పుస్తకం. ఆ తారీఖు చూడండి. నా దస్తూరీయే. చదవండి, పైకి చదవండి. ‘2.05. రోలరు స్విచ్చు మీద 17 బిళ్ళ. తీసి మేకుకి పెట్టాను.’ చూశారా? చేసినచోటే రాసుకున్నాను. చింపెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చింపలేకపోయాను. మంచితనం అనుకునేరు, కాదు. పుస్తకం పాడవుతుందని.

ఇది మీ దగ్గర ఉంచుకోండి. తొమ్మిదో పేజీలో వాడి చెయ్యి తీసేసి ఈ కాగితం వెయ్యండి. కింద నా పేరు వెయ్యండి, నాకేం మర్యాదలు అక్కర్లేదు. సంతకం పెడతాను. వాడు పెట్టాడు మేడమ్. వాడు బిళ్ళ పెట్టాడు. ఆ ఒక్క ముక్క అచ్చులో పడితే చాలు, వాడు చదువుకుంటాడు. నా నోటితో చెప్పలేకే ఈ దారి.

అదేంటి, పెన్ను మూత పెట్టేశారు?

ఏమిటీ? ఆ ఫైలు ఎప్పుడో మూసేశారా? అది నాకూ తెలుసు. రేపే అచ్చుకి వెళ్తోందా? అందుకేగా ఇవాళ పిలిచాను. రిటైరయ్యే ముందు నాకెందుకు ఈ గొడవా? ఇంతమందిలో పరువు పోతుందా? అబ్బ, ఎంత బాగా చెప్పారు. మీరన్నవన్నీ నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకున్నవే. మీరింత చిన్న వయసులో ఎలా నేర్చుకున్నారు?

పైవాళ్ళకి నేనే రాసుకోవాలా? మీ పని రాసుకోవడం వరకేనా? అవున్లెండి. అడిగినదానికే.

అదిగో, గేటు చప్పుడు. వచ్చేశారు. కంగారుపడకండి, వాడు ఇప్పుడే లోపలికి రాడు, వాళ్ళక్క కూడా వాడి కోసం ఆగుతుంది. ముందు చెప్పులు సర్దుతాడు. తర్వాత గొళ్ళెం పడిందో లేదో చూసొస్తాడు. మళ్ళీ చూసొస్తాడు. టైముంది మేడమ్. ఆ పుస్తకం మీ సంచిలో పడెయ్యండి. బతిమాలుతున్నాను, పడెయ్యండి.

పెట్టెలో ఎందుకు పెడుతున్నారు?

సరిగ్గా ఎక్కణ్ణుంచి తీశానో ఆ సందులోనే పెట్టారే! మూత కూడా బిగించారు. మంచి అలవాటు. మీకు నేను నేర్పాల్సిందేం లేదు.

రా, రా. డాక్టరేమన్నాడు? సరే, మంచిది. మేడమ్ బయల్దేరుతున్నారు. ఏం లేదురా, ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నాం.

ఆఁ? పుస్తకమా? రేపు అచ్చుకి వెళ్తోందిట.

ఉందిరా. తొమ్మిదో పేజీ ఉంది. అలాగే ఉంది.